ముడి వేసి నిలబెట్టిన శిల్పం: మృణాళినీ ముఖర్జీ

జనపనార తాడును ముడులు వేస్తూ, మనిషి ఎత్తును మించిన శిల్పాలు నిలబెట్టిన కళాకారిణి మృణాళినీ ముఖర్జీ. 1949లో బొంబాయిలో పుట్టారు. 2015 ఫిబ్రవరిలో దిల్లీలో కన్నుమూశారు. నాలుగు దశాబ్దాలు దాటిన ఆమె కళాజీవితంలో దాదాపు ముప్పై ఏళ్లు చేతిలో ఉన్నది నారే. మట్టి, కంచు ఆ తర్వాత వచ్చి చేరాయి. శిల్పమంటే రాయి, కర్ర, లోహం అనుకునే రోజుల్లో బజారులో దొరికే మామూలు తాడుతో పని మొదలుపెట్టి, చివరిదాకా దాని వల్ల వచ్చిన కష్టాన్నీ పేరునూ రెంటినీ మోసిన మనిషి ఆమె. స్నేహితులకు మాత్రం దిల్లూ.

ఇంట్లో అందరూ కళాకారులే. తండ్రి బినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ చిత్రకారుల్లో అగ్రగణ్యుడు. అక్కడి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్తుల జీవితాలను చిత్రించినవాడు. పుట్టుకతోనే ఆయన చూపు అంతంత మాత్రం. 1950లలో కంటి ఆపరేషన్ తర్వాత ఆ కాస్త చూపూ పోయింది. అయినా పని ఆపలేదు. కాగితాలు కత్తిరించి అంటించారు, మైనంతో బొమ్మలు చేశారు, 1972లో శాంతినికేతన్ కళాభవన్ గోడకు పలకలతో కుడ్యచిత్రం కూర్చారు. అదే ఏడాది సత్యజిత్ రాయ్ ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే డాక్యుమెంటరీ తీశారు. తల్లి లీలా ముఖర్జీ శిల్పి. నేపాల్లో ఉన్న కాలంలో అక్కడి సంప్రదాయ శిల్పకారుడి దగ్గర కర్ర చెక్కడం నేర్చుకున్నారు. తర్వాత డెహ్రాడూన్‌లో బడిపిల్లలకు చిత్రకళ చెప్పారు. చూపులేని తండ్రి వేళ్లతో తడిమి ఆకారం తీయడం, తల్లి ఉలితో కర్రను తొలవడం ఆ ఇంట్లో కనిపించేవే. మృణాళిని చేసిన పనికి కారణమంతా అక్కడే ఉందంటే అతిశయోక్తి అవుతుంది. కాని కంటికన్నా వేలికి పెద్దపీట వేసే ఆమె తత్వానికి ఇంతకన్నా తగిన ఇల్లు ఊహించడం కష్టం.

బాల్యం డెహ్రాడూన్ కొండవాలులో గడిచింది. సెలవులకు శాంతినికేతన్. ఒకచోట హిమాలయ పాదాల అడవి, మరొకచోట ఎర్రమట్టి నేల మీద రవీంద్రుడి కాలం నుంచి పెంచుతూ వచ్చిన చెట్లు. మొక్కల మీద ఆమెకు ఏర్పడిన ఇష్టం జన్మంతా తగ్గలేదు. ఆమె శిల్పాల్లో మొగ్గ విచ్చుకోవడం, కాడ నుంచి రేకు విడిపోవడం, గింజ పగలడం వంటివి పదేపదే కనిపిస్తాయంటే ఈ పరిచయం చిన్నది కాదు.

1965లో బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయపు లలితకళల విభాగంలో చేరి, 1970 వరకు చిత్రలేఖనం చదివారు. మరో రెండేళ్లు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర కుడ్యకళ నేర్చుకున్నారు. సుబ్రహ్మణ్యన్ శాంతినికేతన్‌లో బినోద్ బిహారీకి శిష్యుడు; అంటే తండ్రి దగ్గర నేర్చుకున్నవాడే కూతురికి గురువయ్యాడు. మన మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన కె. లక్ష్మా గౌడ్ కూడా బరోడాలో ఈయన దగ్గరే, 1963 నుంచి 1965 వరకు చదివారు. చేతివృత్తి వేరు, కళ వేరు అన్న గీతను సుబ్రహ్మణ్యన్ ఒప్పుకోలేదు. కొంతకాలం అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ విభాగంలో పనిచేసి, మగ్గాన్ని దగ్గరగా చూసినవాడాయన. తోలు, చెక్క, పూసలతో ఆటబొమ్మలు చేసేవారు. బరోడాలో జరిగే లలితకళల సంతలో విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి బొమ్మలు, గాలిపటాలు, అలంకారాలు చేసి అమ్మేవారు. కుడ్యకళ తరగతిలో కూడా సున్నం, రంగు దగ్గరే ఆగకుండా చుట్టుపక్కల దొరికే ఏ పదార్థంతోనైనా గోడను నింపి చూడమనేవారు. ఆ వాతావరణంలోనే, 1970 తర్వాత, మృణాళిని జనపనారను పట్టుకున్నారు.

తొలి పనులు గోడకు తగిలించేవి. వాటిలో మొక్కల ఆకారాలు, జంతువుల ఆకారాలు ఉండేవి. 1972లో దిల్లీలోని శ్రీధరణి గ్యాలరీలో మొదటి ఒంటరి ప్రదర్శన పెట్టారు. ఆ ఏడాది చేసినదే ‘స్క్విరల్’, అంటే ఉడుత. కొంతకాలానికి ఆకారాలు గోడను వదిలి ముందుకు ఉబ్బాయి, పైకప్పు నుంచి వేలాడాయి, చివరికి నేల మీద తమంతట తాము నిలిచాయి. ఆమె పని గోడ నుంచి నేలకు దిగడానికి దాదాపు పదేళ్లు పట్టిందంటే, పదార్థాన్ని అంత నెమ్మదిగా అర్థం చేసుకున్నారన్నమాట.

ఆమె పనిలో మగ్గం లేదు. పడుగు లేదు, పేక లేదు, సూది లేదు, అల్లికకు వాడే కొక్కెం లేదు. ఉన్నదల్లా ముడి. పాశ్చాత్యులు మాక్రమే అనే ఈ విద్య, వెనకటి ఇళ్లలో వెన్నకుండ పెట్టి దూలానికి వేలాడదీసిన ఉట్టికి దగ్గరి చుట్టం. ఎనభైలలో మన పట్నాల్లో కూడా మాక్రమే క్లాసులు నడిచాయి. పూలకుండీల ఉట్లు, ఊయల తాళ్లు, గోడ అలంకారాలు ఎన్నో ఇళ్లలో వేలాడాయి. మొదట అందరూ నేర్చుకునేది చదరపు ముడి. నాలుగు పోగులు తీసుకుంటారు. నడిమి రెండూ కదలకూడదు. ఎడమ పోగును నడిమి రెంటి మీదుగా కుడివైపుకు వేస్తారు. కుడి పోగు దాని మీంచి దిగి, నడిమి పోగుల కింద నుంచి దూరి, ఎడమవైపు ఏర్పడిన సందులోంచి పైకి వస్తుంది. రెండు కొసలూ పట్టి బిగిస్తే సగం ముడి. అదే పని కుడివైపు నుంచి తిరిగి చేస్తే ముడి పూర్తి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వేస్తూ పోతే మాత్రం అల్లిక చదునుగా ఉండదు, మెల్లగా మెలితిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు తప్పుగా భావించే ఆ మెలికే, శిల్పి చేతిలో పడితే కాడ అవుతుంది, తీగ అవుతుంది. ముడుల మధ్య ఎడం పెంచితే జాలి, తగ్గిస్తే తోలులాంటి మందపు పొర. పోగులు కలుపుకుంటూ పోతే పొర విప్పారుతుంది. వదులుకుంటూ పోతే ముడుచుకుంటుంది.

ఇక పని తీరు. తాడు మొదట బజారు నుంచి వస్తుంది. కట్టలు విప్పాలి, చిక్కు తీయాలి, లావు సన్నాలు వేరుచేయాలి, పురి సడలినవాటిని పక్కన పెట్టాలి. తర్వాత అద్దకం. నారను విడతలు విడతలుగా రంగులో ముంచి ఆరబెట్టాలి. విడత విడతకూ రంగు కాస్త తేడా పడుతుంది. ఆ తేడానే ఆమె వాడుకున్నారు. పసుపు, తుప్పు ఎరుపు, ముదురు ఊదా, ఆకుపచ్చ, గోధుమ రంగులు ఒకదాని పక్కన ఒకటి నిలిచినప్పుడు మిల్లు గుడ్డలోని మొండి ఏకరీతి వాటిలో కనిపించదు. తాడును సిద్ధం చేసే ఈ పనుల్లో సహాయకులు ఉండేవారు. ముడి మాత్రం తన చేతిదే. లోపల లోహపు చట్రం ఉంటుంది. దాని మీద, దాని చుట్టూ నార పెరుగుతుంది. ముందుగా గీసుకున్న నమూనా లేదు. చిన్న ప్రతి చేసి పెద్దది చేయడమూ లేదు. ఒక మడత ఎటు తిరిగితే తర్వాతి మడత దాన్ని బట్టి. నచ్చకపోతే విప్పాలి. విప్పడానికి కూడా కట్టినంత సేపు పడుతుంది. పెద్ద శిల్పం ఒకటి పూర్తి కావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకుమించి పట్టేది.

నార శిల్పి రోజు బయటి నుంచి చూసేవారికి ఏమంత ఆకర్షణగా ఉండదు. నిలబడి, వంగి, చట్రం చుట్టూ తిరుగుతూ ముడి వేయడం, బిగించడం, రెండడుగులు వెనక్కి వేసి చూడడం, మళ్లీ ముడి. ఎండునార గరుకు వేళ్లను ఒరుస్తుంది. తాడు దుమ్ము గది నిండా లేస్తుంది. సాయంత్రానికి జానెడు పెరిగితే మంచిరోజు. ప్రేరణ, ఆవేశం వంటి మాటలతో కళాకారుల జీవితాన్ని వర్ణించే అలవాటున్నవారు ఈ పనిని ఒక్క పూట చూస్తే చాలు.

1980ల నుంచి చేసిన పెద్ద పనులతో ఆమె పేరు స్థిరపడింది. ‘దేవి’, ‘రుద్ర’ 1982 నాటివి. ‘యక్షి’, ‘బసంతి’ 1984 నాటివి. ‘అప్సర’, ‘పక్షి’ ఆ మరుసటి ఏడు. 1990లలో ‘పుష్ప్’, ‘వనశ్రీ’, ‘ఆదిపుష్ప్’ వచ్చాయి. ఈ పేర్లు విన్నవారు గుడిలో చూసిన విగ్రహాలను వెతుక్కుంటారు. అలా వెతికితే దొరకవు. యక్షికి ముఖం లేదు, ఆయుధం లేదు, వాహనం లేదు, ఏ ఆగమమూ చెప్పిన కొలతలు లేవు. కొప్పులా మడత పడిన పైభాగం, భుజాల్లా జారే అంచులు, నడుము దగ్గర పెదవుల్లా విచ్చిన పొరలు ఉన్నాయి. అది మనిషా, పువ్వా, ముసుగా అన్నది చూసేచోటును బట్టి మారుతుంది. స్త్రీ పురుష అవయవాలను తలపించే మడతలను ఆమె దాచలేదు. అలాగని వాటిని బొమ్మగీసి చూపించనూ లేదు. పువ్వు అంటే మొక్కకు జననేంద్రియమే అన్న సంగతి వృక్షశాస్త్రం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ సంగతిని దాపరికం లేకుండా శిల్పంలోకి తెచ్చినవారు మన దేశంలో అరుదు.

ఫలానా దేవత బొమ్మ చేస్తున్నానని ఆమె అనుకోలేదు. అయితే గర్భగుడి ముందు నిలబడిన మనిషికి కలిగే జంకు, ఎదురుగా ఉన్నది మనకన్నా పెద్దదన్న ఎరుక ఈ శిల్పాల ముందు కలుగుతాయి. కేరళ తెయ్యం వేషం దగ్గరగా చూసినవారికి ఆ భారీ తలకట్టు, ఆ వస్త్రాల దొంతర గుర్తు రావచ్చు. పేరు ముందు, శిల్పం తర్వాత చూస్తే నష్టం. శిల్పం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, అప్పుడు పేరు చదవడం మేలు.

ఇదే కాలంలో ప్రపంచమంతా నారతో కళ చేసేవారి ఊపు కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో 1962లో అంతర్జాతీయ నేతకళా ద్వైవార్షిక ప్రదర్శన మొదలైంది. పోలండ్ కళాకారిణి మాగ్దలెనా అబకనోవిచ్ ఓడరేవుల్లో పారేసిన తాళ్లను విప్పి, ఆ నారకు రంగులద్ది, నేసి, పైకప్పు నుంచి వేలాడే పెద్ద ఆకారాలు చేశారు. ఆమె పేరు మీదనే వాటికి అబకన్లని పేరు పడింది. అమెరికాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన షీలా హిక్స్ 1966లో కోళిక్కోడ్‌లోని కామన్‌వెల్త్ ట్రస్ట్ మగ్గాల దగ్గర పనిచేశారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1969లో ‘వాల్ హ్యాంగింగ్స్’ పేరుతో ఇటువంటి పనులను ప్రదర్శించింది. మృణాళినిని వీరి సరసన నిలపడం ఇప్పుడు మామూలైంది. కాని తేడా ఉంది. వారిలో చాలామంది మగ్గం దగ్గర మొదలై, మగ్గాన్ని వదిలించుకోవడానికి పెనుగులాడారు. ఈమెకు మగ్గంతో పేచీయే లేదు. చిత్రలేఖనం నుంచి, కుడ్యకళ నుంచి నేరుగా ముడి దగ్గరికి వచ్చారు.

ప్రయాణాలు ఆమె పనిని మలుపు తిప్పాయి. 1978లో బ్రిటిష్ కౌన్సిల్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని ఫార్నమ్‌లో, వెస్ట్ సర్రే కళాశాలలో శిల్పం చదివారు. గోడ బొమ్మ నుంచి నిండు శిల్పానికి ఆమె దాటిన కాలం కూడా ఇంచుమించు అదే. 1986లో సిడ్నీ బియనాలే అనే ద్వైవార్షిక కళాప్రదర్శనలో పాల్గొన్నారు. 1994లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఆమె ఒక్కరి పనితో ప్రదర్శన ఏర్పాటు చేసింది. అది తర్వాత బ్రిటన్‌లోని ఇతర ఊళ్లకూ వెళ్లింది. నార శిల్పంతో ప్రయాణం చిత్రపటంతో చేసినంత తేలిక కాదు. కాన్వాసును చట్రం విప్పి చుట్టవచ్చు. చట్రం మీద పెరిగిన నారను చుట్టలేరు, నలిపితే మడత పోతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. పెట్టె ఖర్చు, ఓడ ఖర్చు, వెళ్లినచోట మళ్లీ నిలబెట్టి మడతలు సర్దే శ్రమ ప్రతి ప్రదర్శన వెనకా ఉంటాయి.

స్వదేశంలో వచ్చిన ఆదరణ మిశ్రమం. 1981లో ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన తర్వాత మన చిత్రకళలో మనుషుల కథలు చెప్పే బొమ్మలదే పైచేయి అయింది. గులాం మహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్ వంటి బరోడా వారు ఆ ధోరణికి ముందు నిలిచారు. వారి మధ్యనే తిరిగిన మృణాళిని మాత్రం కథ చెప్పలేదు, సమకాలీన ఘటనలు చూపలేదు. పైగా నార. చూసినవారిలో కొందరికి అది చేతిపనుల ఎంపోరియంలో ఉండాల్సిన వస్తువు. మరి కొందరికి మరీ దేశవాళీ. విదేశీ విమర్శకుల్లో కొందరికి మరీ అన్యదేశపు వింత. ఈ మూడు మాటల్లో ఒక్కటీ శిల్పాన్ని చూసి అన్నది కాదు. పదార్థాన్ని చూసి అన్నవే. రాతిలో ఇవే ఆకారాలు చెక్కి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు.

1996లో నెదర్లాండ్స్‌లోని హెర్టొఖెన్‌బోస్ నగరంలో అప్పట్లో ఉన్న యూరోపియన్ సెరామిక్ వర్క్ సెంటర్‌లో ఉండి మట్టితో పనిచేశారు. మట్టిలో ముడి లేదు; పొరను చేత్తో వత్తి, మడిచి, ఆరబెట్టి కాల్చాలి. నారలో ఏడాది పట్టే మడత మట్టిలో ఒక్క పూటలో వస్తుంది. అంత త్వరగా రావడం వల్లనేమో, ఆ పనుల్లో నార శిల్పాల బిగువు కనిపించదు. 2000లో చేసిన ‘జౌబా’ ఆమె చివరి నార శిల్పాల్లో ఒకటి. బెంగాలీలో జబా అంటే మందారం. నార, ఉక్కు కలిసిన ఈ పని ఇప్పుడు లండన్ టేట్ సంగ్రహంలో ఉంది.

ఆ తర్వాత దశాబ్దంన్నర కంచు. మైనంతో ఆకారం చేసి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే పాత పద్ధతే ఇది. చోళుల కంచు విగ్రహాలు కూడా మైనపు నమూనా నుంచి వచ్చినవే. ఆమె మైనాన్ని ఆకుల్లా, మట్టల్లా, ఒలిచిన బెరడులా మలిచారు. ‘పామ్‌స్కేప్’ పేరుతో వచ్చిన వరసలో తాటి, ఖర్జూర జాతి చెట్ల మట్టలు మొదలు నుంచి చీలి విడిపోతున్న తీరు కనిపిస్తుంది. నిలువునా నిలిచిన నార దేవతలు పోయి, నేల మీద పాకే, ఒరిగే ఆకారాలు వచ్చాయి. కంచులో రంగు లేదు, మెత్తదనం లేదు. మడత మాత్రం అలాగే ఉంది. నార కాలంలో వేళ్లు నేర్చినది లోహంలోనూ పోలేదు.

2015 జనవరిలో దిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, పీటర్ నేగీ నిర్వహణలో, ‘ట్రాన్స్‌ఫిగరేషన్స్’ పేరుతో ఆమె జీవితకాలపు పనిని ఒక్కచోట చూపే ప్రదర్శన మొదలైంది. మొదలైన కొద్ది రోజులకే ఆమె మరణించారు. ప్రపంచం పెద్ద ఎత్తున గుర్తించింది ఆ తర్వాతే. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన మెట్ బ్రాయర్ భవనంలో, షనయ్ ఝవేరీ నిర్వహణలో, ‘ఫినామినల్ నేచర్’ ప్రదర్శన పెట్టింది. 2022 వెనిస్ బియనాలే ప్రధాన ప్రదర్శనలో ఆమె నార శిల్పాలు చోటు చేసుకున్నాయి. 2025 అక్టోబరు ఆఖరున లండన్ రాయల్ అకాడమీ ఆమె పనిని తల్లిదండ్రులు, గురువు సుబ్రహ్మణ్యన్, మిత్రుల పనులతో కలిపి చూపడం మొదలుపెట్టింది. బతికి ఉండగా కొనడానికి వెనకాడినవారే ఇప్పుడు వెతుక్కుంటూ ఉండవచ్చు. కళాలోకంలో ఇది కొత్త కాదు.

ఈ శిల్పాలకు రాతికి ఉన్నంత ఆయుష్షు లేదు. వెలుతురు ఎక్కువైతే అద్దకం వెలిసిపోతుంది. దుమ్ము మడతల్లో పేరుకుంటే తీయడం కష్టం. సొంత బరువుకు నార ఏటేటా కొద్దికొద్దిగా సాగుతుంది. అందుకే మ్యూజియాలు వీటిని ఎల్లకాలం బయట పెట్టవు, పెట్టినప్పుడూ మసక వెలుతురులోనే పెడతాయి. పచ్చిరొట్ట కోసం జనుము చల్లే రైతులు, ఇంటి ముందు తాడు పేనిన తరం ఇంకా ఉన్న ఊళ్లు మనవి. ఈ పదార్థం మనకు పరాయిది కాదు. దిల్లీకో విదేశాలకో వెళ్లిన తెలుగువారు ఆమె పని ప్రదర్శనలో ఉందని తెలిస్తే ఒక గంట కేటాయించాలి. ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని రావడం చాలదు. వెనకవైపుకు వెళ్లి, అనుమతి ఉన్నంత దగ్గరగా నిలబడి, ముడి ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో చూడాలి.